ఏ చేన్లో వెతకాలి?

తొలకరి వానలు రెండు పడితే చాలు, మా పక్క మండలం వజ్రకరూరు చేలల్లో మనుషులు వంగి నడుస్తుంటారు. కర్నూలు నుంచి వస్తారు, కడప నుంచి వస్తారు, బళ్లారి వైపు నుంచీ వస్తారు. సద్దిమూట, నీళ్ల బాటిలు, నెత్తిన తువ్వాల. పొద్దుగూకే దాకా తల ఎత్తరు. వాళ్లను చూసి నవ్వేవాళ్లున్నారు. నేనూ చాలా ఏళ్లు నవ్వినవాణ్ణే.

ఒకరోజు ఉగ్గాణి బండి దగ్గర నిలబడి ఉంటే ఆలోచన వచ్చింది. వాళ్లకు వజ్రం దొరుకుతుందో లేదో దేవుడెరుగు. కానీ వాళ్లు చేసే మొదటి పని మాత్రం తప్పు పట్టలేనిది. వజ్రం కావాలని మా ఉరవకొండ మిరప చేలల్లో వెతకరు, పెన్న ఇసుకలో వెతకరు. భూమి లోతుల్లోంచి గొట్టంలా పైకి పొడుచుకొచ్చిన కింబర్‌లైట్ రాయి వజ్రకరూరు దగ్గర ఉంది. వానకు ఆ రాయి అరిగి, కరిగి, చుట్టుపక్కల చేలల్లోకి కొట్టుకొస్తుంది. ఈ శాస్త్రం చదివినవాళ్లు కొందరు, తాతలు చెప్పగా విన్నవాళ్లు కొందరు. అందరూ పోయేది ఆ చేనికే. వెతకడం మొదలుపెట్టకముందే అది ఏ చేన్లో ఉంటుందో తేల్చుకుంటారు.

అదే మనుషులం ఫోను చేతికి తీసుకుంటే ఆ తెలివి ఎక్కడికి పోతుందో తెలియదు. గూగుల్ తెరుస్తాం. కావలసిన మాటలు నాలుగు కొడతాం. ప్రపంచంలోని చేలన్నీ ఒక్కసారిగా కలియబెట్టి, పైకి తేలిన మొదటి రాయిని జేబులో వేసుకుంటాం. ఆ రాయికి నేను నూట తొంభై తొమ్మిది రూపాయలు కట్టాను.

సంగతేమిటంటే, మా బావకు ఏడెకరాల చెనిక్కాయ చేను. ఒక ఏడాది ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తానికి వచ్చే సగటు వానే 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులోనూ రావలసినప్పుడు రాకపోతే ఆ చేను పశువుల మేతకే. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని అడిగినాడు.

"ఏం బామ్మర్దీ, ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు లెక్కలు చెప్పినావు గదా. మా బీమా లెక్క ఏమైందో ఆ ఫోన్లో రొంత చూడప్పా."

పెద్దరికం కదా, వెంటనే కొట్టాను. పంట బీమా డబ్బులు, స్టేటస్, ఉరవకొండ. తెర మీద పైనే ఒక లింకు. మూడు రంగుల అంచు, పైన సింహాల బొమ్మ, కింద నాగలి పట్టిన రైతు. పేరు అడిగింది, చెప్పాం. ఫోను నంబరు అడిగింది, చెప్పాం. ఆధార్ అడిగింది, అదీ చెప్పాం. చివర్లో ప్రాసెసింగ్ ఫీజు 199 రూపాయలు అంది. కట్టాను. "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది" అని వచ్చింది. అది ఈ రోజుకీ పరిశీలనలోనే ఉంది.

మరుసటి ఆదివారం నా మేనకోడలు, అంటే ఆ బావ కూతురే, హాస్టల్ నుంచి వచ్చింది. జరిగింది విని తిట్టలేదు, నవ్వలేదు. ఫోను తీసుకుని ఒక్క మాట అడిగింది.

"మామా, బీమా సంగతి తెలుసుకునేకి ఊరంతా తిరిగినావు. బీమా ఆఫీసు గడప ఒక్కటన్నా తొక్కినావా?"

ఈ అధ్యాయం ఆ ప్రశ్నకు జవాబు.

ఆ పిల్ల చేసింది ఇంతే. సెర్చి గడిలో ఎస్, ఐ, టి, ఇ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టింది. వాటికి ఆనుకుని రెండు చుక్కలు, అదే కోలన్. ఖాళీ వదలకుండా దానికే ఆనించి వెబ్‌సైటు చిరునామా. అప్పుడు ఒక ఖాళీ వదిలి, వెతకాల్సిన మాట. పుస్తకం కాబట్టి తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి:

సైట్:పీఎంఎఫ్‌బీవై.గవ్.ఇన్ క్లెయిమ్

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన వెబ్‌సైటు చిరునామా అది. ఈ ఒక్క వరసతో గూగుల్ మిగతా ప్రపంచాన్ని పక్కనపెట్టి, ఆ ఒక్క ఇంట్లో మాత్రమే గాలిస్తుంది. గూగుల్‌కే కాదు, బింగ్‌కూ డక్‌డక్‌గోకూ ఇదే వరస పనిచేస్తుంది. చిరునామా ముందు ఉండే హెచ్‌టీటీపీఎస్ లాంటి మాటలు అక్కర్లేదు. కోలన్ తర్వాత ఖాళీ వదిలితే మాత్రం వరస విరిగిపోయి, మళ్లీ ఊరంతా తిరగడం మొదలవుతుంది. కొత్తవాళ్లు నూటికి తొంభై మంది జారిపడేది అక్కడే. ఈ తొంభై అంకె నేను లెక్కపెట్టింది కాదు, మా వీధి అనుభవం. ఇంకొకటి, మైకు నొక్కి నోటితో చెబితే ఆ చుక్కలు సరిగా పడవు. వేలితోనే కొట్టండి.

అలా వెతికితే మాకు దొరికింది మార్గదర్శకాల పీడీఎఫ్. అందులో మా బావకు ఎవరూ చెప్పని సంగతులున్నాయి. ఖరీఫ్ ఆహార పంటలకూ నూనెగింజలకూ రైతు కట్టాల్సిన ప్రీమియం గరిష్ఠంగా 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. వడగండ్లు పడో, చేను మునిగో, కోసి ఆరబెట్టిన పంట వానకు తడిసో నష్టం జరిగితే 72 గంటల్లోపు తెలియజేయాలి. 14447 అనే సహాయ నంబరు కూడా ఉంది. మా బావ ఆ 72 దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. రెండేళ్ల కిందట కోసి ఆరబెట్టిన పంట వానకు తడిసినప్పుడు పదిరోజులు ఆగి ఆఫీసుకు పోయినవాడు మరి. మోసం చేసినవాడు ఆధార్ నంబరు పట్టుకుపోతే, నిజమైన ఇంట్లో ఏ రుసుమూ లేకుండా పడి ఉన్న కాగితం ఇది.

సైబర్ మోసం జరిగితే 1930కి ఫోను చేయాలని కూడా ఆ రాత్రే ఇలాగే వెతికి తెలుసుకున్నాను. నేను తెలుసుకునేసరికి వారం దాటింది. మీరు ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆ నంబరుకు ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపేందుకు అంత వీలు.

వెబ్‌సైటులోనే వెతుకుడు గడి ఉంటుంది కదా, గూగుల్‌తో పనేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఉంటుంది. చాలా సర్కారు వెబ్‌సైట్లలో ఆ గడి పెళ్లి పందిట్లో కట్టిన అరటిచెట్టు లాంటిది, గెల కోసుకోవడానికి కాదు. ఒక్క అక్షరం తేడా వస్తే "ఫలితాలు లేవు" అంటుంది. పీడీఎఫ్ లోపలికి తొంగి చూడదు, పేజీ పేరు మాత్రమే చూస్తుంది. సెర్చింజన్ పద్ధతి వేరు. అది రాత్రింబవళ్లు వెబ్‌సైట్ల మీద తిరిగి, పేజీపేజీ చదివి, ఏ మాట ఎక్కడుందో తన దగ్గర ఒక పెద్ద సూచిక రాసి పెట్టుకుంటుంది. పుస్తకం చివర అకారాది పట్టిక ఉంటుందే, అలాంటిది. మీరు అడిగినప్పుడు చూసేది ఆ పట్టికనే. పీడీఎఫ్ లోపలి మాటలు కూడా అందులో ఎక్కి ఉంటాయి. అక్షరం తప్పినా "మీరు అడిగింది ఇదా" అని సర్దుకుంటుంది. 1995 చివర్లో వచ్చిన ఆల్టావిస్టా కాలం నుంచే ఒక్క సైటుకు కట్టడి చేసి వెతికే వీలుంది. 1998లో పుట్టిన గూగుల్లో దానికి కావలసింది నాలుగు అక్షరాలు, రెండు చుక్కలే. పాతికేళ్లుగా జేబులో ఉన్న తాళంచెవి. మనకు చెప్పినవాళ్లే లేరు.

అన్నిచోట్లా ఇదే గొప్పదని కాదు. ఆర్కైవ్ అనే ఉచిత పుస్తకాల గనికి పోతే, దాని సొంత గడిలోనే పుస్తకాల లోపలి పాఠంలో వెతికే వీలుంది. అక్కడ గూగుల్‌ను పక్కన పెట్టడమే మేలు. తెలుగు వికీపీడియా సొంత గడి కూడా మంచిదే.

సరే, చుక్కలు వచ్చేశాయి. ఇప్పుడు అసలు కష్టం: ఏ ఇంటి తలుపు తట్టాలి?

ఈ ప్రశ్న వేసుకోవడమే సగం చదువు. ఏం తెలుసుకోవాలి అన్నదానికంటే ముందు, ఈ మాట చెప్పే హక్కు ఎవరికుంది అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. విత్తనం సంగతి అయితే ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. మన సీమలో విరివిగా వేసే కదిరి-6 వేరుశనగ రకం ఆ విశ్వవిద్యాలయం కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందే. మెట్ట సేద్యం మీద లోతైన కాగితం కావాలంటే 1972 నుంచి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్. వాన సంగతి అయితే వాతావరణ శాఖ. చట్టం అసలు పాఠం కావాలంటే ఇండియా కోడ్. తట్టాల్సిన ఇల్లు ఏదో తెలియనప్పుడు మొత్తం వీధినే పట్టుకోవచ్చు. చిరునామా బదులు దాని తోక ఒక్కటే రాస్తే చాలు:

సైట్:గవ్.ఇన్ వేరుశనగ విత్తన రాయితీ

గవ్ డాట్ ఇన్ అనే తోక ప్రభుత్వ సంస్థలకు తప్ప ఎవరికీ ఇవ్వరు. రాష్ట్రం వరకే కావాలంటే ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. కళాశాలలకూ విశ్వవిద్యాలయాలకూ ఏసీ డాట్ ఇన్. నన్ను ముంచిన సైటు చిరునామాలోనూ గవ్ అనే మాట ఉంది. మధ్యలో గీతలు పెట్టి ఇరికించారు, చివర తోక మాత్రం వేరే. నా కంటికి ఆ తేడా ఆనలేదు. చుక్కల వరసకు కన్నుతో పని లేదు. తోక సరిగా లేని ఇంటిని అది లెక్కలోకే తీసుకోదు. నాబోటి చత్వారపు కళ్లవాళ్లకు దీనికి మించిన కళ్లజోడు లేదు. ఒక్క జాగ్రత్త: ఇలా వెతికినప్పుడు కూడా పైన డబ్బు కట్టిన ప్రకటనలు కనిపించవచ్చు. "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని దాటి కిందికి రండి.

ఇప్పుడు గూగుల్ పైన ఏఐ రాసిన సారాంశం ఒకటి వస్తోంది. చదవండి, తప్పులేదు. కానీ అది రచ్చబండ మాట. నలుగురు అన్నది కలిపి చెబుతుంది. బ్యాంకు మేనేజరు ముందు రచ్చబండ మాట చెల్లదు, కాగితం చెల్లుతుంది.

ఇక్కడి నుంచి కొంచెం నిదానంగా చదవండి. తెలుగువాడికి ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషులో రాసిన సాంకేతిక పుస్తకాల్లో ఇవి కనిపించవు.

మొదటిది పేర్లు. మన జిల్లా పేరు తెలుగులో అనంతపురంగా, అనంతపురముగా కాగితాల్లో తిరుగుతుంటే, ఇంగ్లీషులో కనీసం మూడు రకాల స్పెల్లింగులున్నాయి. చివర పురం లేకుండా పాత అనంతపూర్, టి పక్కన హెచ్ పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి. ఒక స్పెల్లింగుతో వెతికి లేదనుకుంటే రెండో దాంట్లో ఉన్న జీవో కనబడదు. రెండు మాటల మధ్య ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఓ, ఆర్ అని రాస్తే, "ఇదైనా సరే అదైనా సరే" అని అర్థం చేసుకుంటుంది. పంటల పేర్లదీ ఇదే గోల. మనం ఇంట్లో చెనిక్కాయ అంటాం, శాఖ వేరుశనగ అంటుంది, ఇంకొకరు వేరుసెనగ అంటారు, ఉత్తర్వు ఇంగ్లీషులో గ్రౌండ్‌నట్ అంటుంది. వెతికేటప్పుడు మన నాలుక మీది మాట కాదు, కాగితం రాసిన గుమాస్తా నాలుక మీది మాట కొట్టాలి. తెలుగులో దొరక్కపోతే ఇంగ్లీషులో కొట్టండి. ఇది మన భాషకు చిన్నతనం అనుకోకండి. ఆఫీసులు ఏ భాషలో రాస్తున్నాయో దానికి ఇది సాక్ష్యం, అంతే.

రెండోది మరీ విచిత్రమైనది. తెలుగు పీడీఎఫ్ కళ్లముందే ఉంటుంది. చక్కటి అక్షరాలు. అందులో "ఉరవకొండ" అని కనబడుతూనే ఉంటుంది. వెతికితే మాత్రం లేదంటుంది. ఎందుకంటే అది అను ఫాంట్లలాంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన కాగితం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా అచ్చు పని చాలా ఏళ్లు, నేటికీ కొంతవరకు, పాత ఫాంట్లతోనే నడిచింది. ఆ ఫాంట్లలో కనిపించేది తెలుగు, లోపల నిలవ ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళం. వేషం తెలుగు, ఒంట్లో ఉన్నది వేరే మనిషి. సెర్చింజన్ వేషం చూడదు, లోపలి మనిషినే చదువుతుంది. మీకు అనుమానం వస్తే ఆ పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. పిచ్చి గీతలు వస్తే అది పాత ఫాంటే. అలాంటి కాగితాన్ని పట్టుకోవడానికి దారి ఉంది. చాలా ఉత్తర్వుల్లో పైన సంఖ్య, తేదీ, శాఖ పేరు ఇంగ్లీషులోనో అంకెల్లోనో ఉంటాయి. వాటిని పట్టుకుని లాగండి. ఫైలు పేరు కూడా ఇంగ్లీషులోనే ఉంటుంది. స్కాన్ చేసిన కాగితమైతే అక్కడ అక్షరమే లేదు, ఫొటో మాత్రమే ఉంది. దానికి ఎక్కువగా ఫైలు పేరే దారి.

కొన్ని చిన్న పనిముట్లు కూడా చెప్పేస్తాను. రెండు మాటలు విడివిడిగా కాకుండా ఒకే వరసలో రావాలంటే వాటికి ఇటూ అటూ డబుల్ కోట్లు పెట్టండి. ఒక మాట వద్దనుకుంటే దాని ముందు ఆనించి మైనస్ గుర్తు పెట్టండి. వీడియోలు విసిగిస్తుంటే మైనస్ పెట్టి, ఆనించి సైట్, కోలన్, యూట్యూబ్ డాట్ కామ్ అని రాయండి. ఒక్క దెబ్బకు యూట్యూబ్ వీడియోలన్నీ తప్పుకుంటాయి. ఇది నాకు చాలా ఇష్టమైన మందు. పీడీఎఫ్‌లు మాత్రమే కావాలంటే ఫైల్‌టైప్ అని ఇంగ్లీషులో ఒకే మాటగా రాసి, కోలన్, పీడీఎఫ్. సర్కారు కాగితాల్లో పనికొచ్చేవి దాదాపు అన్నీ పీడీఎఫ్‌లే కాబట్టి దీన్నీ సైట్ వరసనూ జంటగా వాడండి.

కాగితం తెరుచుకున్నాక పని అయిపోలేదు. వంద పేజీలుంటుంది. కంప్యూటరైతే కంట్రోల్ పట్టుకుని ఎఫ్ నొక్కండి. ఫోన్లో క్రోమ్ అయితే పైన మూడు చుక్కలు నొక్కి పేజీలో వెతికే మాట ఎంచుకోండి. ఊరు దొరికింది, వీధి దొరికింది, ఇల్లు దొరికింది, ఇది ఇంట్లో గూడు దొరకబుచ్చుకోవడం.

తేదీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే సరైన ఇంట్లో దొరికిన పాత కాగితం, తప్పుడు ఇంట్లో దొరికిన కొత్త కాగితం కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు. పంట బీమానే చూడండి. ఫసల్ బీమా 2016 ఖరీఫ్‌లో మొదలైంది. 2020లో ఆంధ్రప్రదేశ్ అందులోంచి బయటికొచ్చింది. 2022లో మళ్లీ చేరింది. నడుమ ఏళ్లలో ఇక్కడి రైతుకు వర్తించింది వేరే ఏర్పాటు. 2018 నాటి కాగితం చేతిలో పట్టుకుని 2021 పంట గురించి వాదిస్తే కౌంటరు వెనక మనిషి విసుక్కోవడం తప్పు కాదు. ఏ జిల్లాలో ఏ పంటకు ఏ పథకమో సీజనుకో ఉత్తర్వు వస్తుంది. జిల్లా అన్న మాట కూడా మారింది. 2022 ఏప్రిల్ 4కు ముందు అనంతపురం జిల్లా అంటే 63 మండలాలు, ధర్మవరం, కదిరి, హిందూపురం అన్నీ అందులోనే. ఆ తర్వాత అవి శ్రీ సత్యసాయి జిల్లా. ఉరవకొండ అనంతపురంలోనే ఉండిపోయింది. కాబట్టి పాత జిల్లా లెక్కలు కొత్త జిల్లాకు అతికించకండి. వెతుకుడులోనే కాలానికి కంచె వేయొచ్చు: ఆఫ్టర్ అని ఇంగ్లీషులో రాసి, కోలన్, ఆనించి సంవత్సరం. బిఫోర్ అని కూడా అలాగే. రెండూ పెడితే నడుమ కాలం మాత్రం దొరుకుతుంది. ఈ తేదీలు గూగుల్ అంచనా వేసుకున్నవి, ఒక్కోసారి పొరపడుతుంది. ఆఖరి మాట కాగితం మీద ఉన్న తేదీదే.

ఇంకా వెనక్కి పోవాలనుకునే చరిత్ర పిచ్చివాళ్లకు ఒక మాట. ఆర్కైవ్‌లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1905లో రాసిన అనంతపురం జిల్లా గెజిటీరు దొరుకుతుంది. అప్పుడు మన ఊరు గుత్తి తాలూకా. అందుకని ఊరి పేరుతో పాటు గుత్తిని కూడా కొట్టి చూడాలి. పడగ విప్పిన పాములా ఉన్న మన కొండ వల్లే ఉరగకొండ ఉరవకొండ అయిందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అలాంటి పేర్ల ముచ్చట్లకు ఆ పుస్తకం మంచి కాలక్షేపం. నేనొక రాత్రి బీమా సంగతి వెతకబోయి తెల్లారేదాకా అందులో పడ్డాను. అది ఈ అధ్యాయం విషయం కాదు.

ఈ వరస పనిచేయని చోట్లు కూడా తెలిసి ఉండాలి. లేకపోతే "నాకు దొరకలేదు కాబట్టి లేదు" అనే పొరపాటులో పడతాం. సెర్చింజన్ వీధిలోంచి తలుపు తీసి ఉన్న ఇళ్లనే చూస్తుంది. తాళం వేసిన గదిలోకి పోదు. మీ ఖాతా పేరు, పాస్‌వర్డు అడిగే పేజీలు, సర్వే నంబరు వేసి బొమ్మలోని అక్షరాలు కొడితే తప్ప తెరుచుకోని భూమి రికార్డులు, దరఖాస్తు నంబరు అడిగే స్టేటస్ పేజీలు దాని పట్టికలోకి ఎక్కవు. మీ అడంగల్ చుక్కలతో దొరకదు. చుక్కలతో ఆ సరైన పేజీ తలుపు దాకా పోవాలి, ఆ పైన మీరే నంబరు వేసి లోపలికి పోవాలి. ఇంకొన్ని వెబ్‌సైట్లు "ఈ గదుల్లోకి రావద్దు" అని సెర్చింజన్లకు ఒక చిన్న చీటీ రాసి గుమ్మానికి తగిలిస్తాయి. దానికి రోబోట్స్ ఫైలు అని పేరు. 1994 నుంచీ ఉన్న మర్యాద అది. పెద్ద సెర్చింజన్లు దాన్ని పాటిస్తాయి. నిన్న సాయంత్రం పెట్టిన ఉత్తర్వు కూడా పట్టికలోకి ఎక్కడానికి సమయం పడుతుంది. దానికోసం నేరుగా ఆ ఇంటికే పోయి "తాజా సమాచారం" చూడాలి.

లింకు నొక్కితే పేజీ లేదని వస్తే గాభరా పడకండి. సర్కారు వెబ్‌సైట్లు ఇల్లు మార్చినంత తేలిగ్గా చిరునామాలు మారుస్తాయి. పాత చిరునామాను వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడండి. ఆర్కైవ్ వాళ్లు 2001 నుంచి అందరికీ తెరిచి ఉంచిన పాత పేజీల గోదాము అది. చాలాసార్లు దొరుకుతుంది. అక్కడా లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. ఆ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం చాలా సమాచారాన్ని ఎవరూ అడగకముందే ఆఫీసులే బయటపెట్టాలి. ఒక తెల్లకాగితం మీద దరఖాస్తు, పది రూపాయలకు మించని రుసుము. ఫోన్లో దొరకనిది దాంతో దొరికిన సందర్భాలు నాకున్నాయి. అయితే ముందు చుక్కలతో వెతికి, దొరకనిదాన్నే అడగండి. అప్పుడు మీ ప్రశ్న సూదిలా ఉంటుంది, గుమాస్తా దాటవేయలేడు.

ఇలా దొరికిన కాగితం ఎందుకు పనికొస్తుందో చెబుతాను. మా వీధి చివర నేతగాడొకాయన ఉన్నాడు, వరసకు చిన్నాయన. పట్టు మగ్గం మీద ఆయన నెల కూర్చుని నేసే అంచు, పవర్‌లూము మీద దిగి సగం ధరకు అమ్ముడుపోతోంది. "చట్టం ఏదో ఉందంటరు నాయనా, అదేందో ఒకసారి చూపించు, నేనూ చదవల్ల" అన్నాడు. ఇండియా కోడ్ ఇంట్లో చేనేతకు ఇంగ్లీషు మాట, రిజర్వేషన్ అనే మాట కలిపి వెతికాం. చేనేతకే కొన్ని రకాలు కేటాయించేందుకు చేసిన 1985 నాటి చట్టం బయటికొచ్చింది. దాని కింద ఇచ్చిన ఉత్తర్వులోని జాబితాలో చీర కూడా ఉంది, ఏ లక్షణాలున్న చీరో విడమరిచి మరీ ఉంది. ఆయన అద్దాలు పెట్టుకుని గంటసేపు చదివించుకున్నాడు. ధర పెరగలేదు, పవర్‌లూము ఆగలేదు. కానీ తర్వాతి వారం చేనేత జౌళి శాఖ ఆఫీసుకు పోయినప్పుడు "ఏదో చట్టం" అనలేదు. పేరు, సంవత్సరం చెప్పి మాట్లాడినాడు. కుర్చీ వేసినారని వచ్చి చెప్పినాడు.

చదివి పక్కన పెడితే ఇది రెండు రోజుల్లో మరిచిపోతారు. అందుకని ఈ పూటే మూడు పనులు చేయండి. మీ ఇంట్లో ఎవరికో ఒకరికి రావలసినదో, కట్టవలసినదో ఏదో ఒక సర్కారు కాగితం ఉండే ఉంటుంది. పింఛను కావచ్చు, ఫీజు రీయింబర్స్‌మెంటు కావచ్చు, బోరు వేయడానికి 2002 నాటి వాల్టా చట్టం ఏమంటోందో కావచ్చు. మన దగ్గర వెయ్యి అడుగులు తోడి ధూళి చూసినవాళ్లకు ఆ చివరిదాని అవసరం నేను చెప్పక్కర్లేదు. దాన్ని మొదట మామూలుగా వెతకండి. తర్వాత చుక్కలు పెట్టి వెతకండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మూడో పని, మీకు తరచూ అవసరమయ్యే ఐదు ఇళ్ల చిరునామాలు క్యాలెండరు వెనక రాసి గోడకు తగిలించండి. మా ఇంట్లో తగిలించి ఉంది. మా బావ వచ్చినప్పుడల్లా ముందు దాని దగ్గరికే పోతాడు, ఆ తర్వాతే నన్ను పలకరిస్తాడు.

199 రూపాయలు తిరిగి రాలేదు. మీ ఫోను చేతికి అందేంత దూరంలోనే ఉంది కదా, పుస్తకం మూయకముందే ఒకసారి కొట్టి చూడండి. కోలన్ తర్వాత ఖాళీ మాత్రం వదలకండి.